ఇంటి కప్పుపై సోలార్: ఎందరు పెట్టుకుంటారు, డిస్కమ్‌లకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరింటిపై ఎవరు పలకలు పెట్టుకుంటే ఏంటి? దీనికి ముందస్తు అంచనా ఎందుకు?

ఎందుకంటే కరెంటు కొనుగోళ్లన్నీ ముందే జరిగిపోతాయి. డిస్కమ్‌లు, అంటే మన ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, థర్మల్ కేంద్రాలతోనూ పెద్ద సోలార్ పార్కులతోనూ చేసుకునే ఒప్పందాలు సాధారణంగా 25 ఏళ్ల పాటు నడుస్తాయి. వచ్చే ఏడాది ఎంత కరెంటు అమ్ముతాం, ఎంత రాబడి వస్తుంది, ఎంత లోటు పడుతుంది అనే లెక్కను డిస్కమ్‌లు ఏటా నవంబరు నెలాఖరుకు విద్యుత్ నియంత్రణ మండలికి ఇవ్వాలి. మన చార్జీలు తేలేది ఆ లెక్క మీదే. ఇళ్లపై సోలార్ అనుకున్నదానికంటే వేగంగా పెరిగితే, కొన్న కరెంటు మిగిలిపోయినా థర్మల్ కేంద్రానికి స్థిర చార్జీ (కరెంటు తీసుకున్నా తీసుకోకున్నా కట్టాల్సిన మొత్తం) కట్టక తప్పదు. నెమ్మదిగా పెరిగితే చాలని కరెంటు కోసం రోజువారీ ధరకు అమ్మే ఎక్స్ఛేంజీకి పరిగెత్తాలి. ఆ డబ్బు తర్వాత ట్రూఅప్ (అనుకున్న ఖర్చుకూ అయిన ఖర్చుకూ ఉన్న తేడా వసూలు) పేరుతో మన బిల్లులోకే వస్తుంది. సోలార్ లేని ఇంటి బిల్లులోకి కూడా.

ఇదివరకు వేసిన అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయి?

మన దేశంలో 2022 నాటికి 100 గిగావాట్ల సోలార్, అందులో 40 గిగావాట్లు కప్పులపైనే అని 2015లో లక్ష్యం పెట్టుకున్నాం. 2022 ముగిసేసరికి కప్పులపై ఉన్నది ఆ 40లో దాదాపు ఐదోవంతే. అందులోనూ ఎక్కువ భాగం ఫ్యాక్టరీలు, కాలేజీలు, మాల్స్‌పై ఉన్నదే. ఇళ్ల వాటా చిన్నది.

తర్వాత ఇళ్లపై సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకానికి 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. కోటి ఇళ్లు లక్ష్యం. 2025 మార్చికి 10 లక్షల ఇళ్లు దాటాయి. లక్ష్యంతో పోలిస్తే తక్కువే, కానీ అంతకుముందు పదేళ్ల చరిత్రతో పోలిస్తే ఊహించని వేగం. ఆస్ట్రేలియా ఇంకో వైపు ఉదాహరణ. అక్కడ 40 లక్షల కప్పులు దాటి, ప్రతి మూడిళ్లలో ఒకదానిపై సోలార్ ఉంది.

ఇక్కడ ఒక గందరగోళం తరచూ జరుగుతుంది. ప్రభుత్వ లక్ష్యాన్నే అంచనాగా రాసేసుకుంటారు. లక్ష్యం అంటే జరగాలని కోరుకున్నది, అంచనా అంటే జరగబోయేదని నమ్మేది. ఈ రెంటినీ ఒకే గడిలో పెట్టిన నివేదిక కనిపిస్తే దాని మిగతా అంకెలనూ కాస్త అనుమానంగానే చూడండి.

అంచనా ఎక్కడ మొదలుపెడతారు?

మొదట కప్పులు లెక్కిస్తారు. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఉపగ్రహ చిత్రాలతో ఎన్ని దాబాలున్నాయో చూడొచ్చు. కానీ పైనుంచి చూస్తే వాటర్ ట్యాంకు నీడ ఎటు పడుతుందో, పక్కింటివాళ్లు రేపు ఇంకో అంతస్తు లేపుతారో తెలియదు. మన దగ్గర 'పైన ఇంకో ఫ్లోర్ వేద్దామనుకుంటున్నాం' అనే మాట సోలార్‌కు పెద్ద శత్రువు. పిల్లర్ల ఇనుప చువ్వలు పైకి తేలి ఉన్న ఇల్లంటే, ఆ యజమాని మనసులో కప్పు ఇంకా పూర్తి కాలేదనే అర్థం.

తర్వాత ఎవరికి గిట్టుబాటు అవుతుందో చూస్తారు. చివరగా, గిట్టుబాటయ్యే వాళ్లలో నిజంగా ఎందరు, ఎప్పుడు ముందుకొస్తారో చూస్తారు. మొదటి లెక్క ఒక పూటలో అవుతుంది. అంచనాలన్నీ తలకిందులయ్యేది చివరి దాని దగ్గరే.

గిట్టుబాటు లెక్క ఒకసారి చేసి చూపించండి.

ఆంధ్రప్రదేశ్ గృహ స్లాబులు చూద్దాం. 2022-23 నుంచి ఉన్న రేట్లివి: తొలి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75.

మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే నెలకు 120. కేంద్ర సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000. అంటే 3 కిలోవాట్లకు, ఆపైన ఎంతకైనా, మొత్తం 78,000. మార్కెట్లో 3 కిలోవాట్లు రెండు లక్షలకు, ఒక కిలోవాట్ 70 వేలకు వస్తుందని లెక్కేద్దాం.

నెలకు 500 యూనిట్లు వాడే ఇంటి ఎనర్జీ చార్జీ, అంటే యూనిట్ల ధర మాత్రమే, 3,523 రూపాయలు. 3 కిలోవాట్లు పెడితే మిగిలేది 140 యూనిట్లు, 507 రూపాయలు. ఏడాదికి 36 వేలు ఆదా, జేబులోంచి పెట్టిన లక్షా ఇరవై రెండు వేలు మూడున్నరేళ్లలో తిరిగొస్తాయి. 300 యూనిట్ల ఇంటి బిల్లు 1,673. అదే 3 కిలోవాట్లు పెడితే ఆరేళ్లు. 100 యూనిట్ల ఇంటి బిల్లు 304 రూపాయలే. సబ్సిడీ పోను 40 వేలు పెట్టి ఒక కిలోవాట్ పెట్టినా పదకొండేళ్లు పడుతుంది.

అదే ఎండ, అదే పలక, అదే సబ్సిడీ. తేడా తెచ్చింది స్లాబు. 'తిరుపతిలో సగటు గడువు ఆరేళ్లు' లాంటి ఒకే అంకెతో అంచనా వేయకూడదనేది ఇందుకే. వాడకాన్ని బట్టి ఇళ్లను విడదీయాలి.

ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్లలో కింది అంతస్తుకు ఒక మీటరు, పై అంతస్తుకు ఒక మీటరు, వీలైతే ఏసీకి వేరే మీటరు. బిల్లు పెద్ద స్లాబులోకి వెళ్లకుండా ఇదో ఉపాయం. ఒకే ఇంటి 500 యూనిట్లు రెండు 250లుగా విడిపోతే సోలార్ వల్ల వచ్చే ఆదా బాగా పడిపోతుంది. కనెక్షన్ల జాబితా చూసి అంచనా వేసేవాళ్లకు ఆ రెండు మీటర్లూ ఒకే ఇంటివని కనబడదు.

తెలంగాణలో 200 యూనిట్ల వరకు ఉచితమైతే సోలార్ ఎవరు పెట్టుకుంటారు?

గృహజ్యోతి అనే ఆ ఉచిత కరెంటు పథకం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్ వల్ల మిగిలేది ఏమీ లేదు, కాబట్టి ఆ ఇళ్లు సొంత డబ్బుతో పెట్టుకుంటాయని అంచనాలో రాసుకోవడం అనవసరం. తెలంగాణలో సొంత ఖర్చుతో వచ్చే గిరాకీ ఎక్కువగా 200 యూనిట్ల పైన వాడేవాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లకు మాత్రం గట్టి కారణమే ఉంది. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు, 300 పైన వాడే యూనిట్లకు 9.

ఆంధ్రప్రదేశ్‌లో తీరు వేరు. నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందుతున్న ఎస్సీ, ఎస్టీ ఇళ్లపై ప్రభుత్వమే డిస్కమ్‌ల ద్వారా 2 కిలోవాట్లు పెట్టించే పని చేపట్టింది. ఇక్కడ ఇంటివాళ్లు తేల్చుకోవాల్సింది పెద్దగా లేదు. కాబట్టి అంచనా వేయాల్సింది వాళ్ల మనసును కాదు, టెండర్ల వేగాన్ని, పలకల సరఫరాను, కాంట్రాక్టరుకు బిల్లులు ఎప్పుడు పడతాయన్నదాన్ని. ఈ రెండు రకాల ఇళ్లను ఒకే గ్రాఫులో కలిపేస్తే ఏదీ అర్థం కాదు.

బాస్ మోడల్ అంటారు, అదేంటి?

కొత్త వస్తువు జనంలోకి ఎలా పాకుతుందో చెప్పే సూత్రం, అమెరికా మార్కెటింగ్ ఆచార్యుడు ఫ్రాంక్ బాస్ 1969లో ప్రచురించాడు. కొత్త వస్తువు కొనేవాళ్లలో రెండు రకాలుంటారంటాడు. తమంతట తాము కొనేవాళ్లు కొందరు, కొన్నవాళ్లను చూసి కొనేవాళ్లు మిగతావాళ్లు. మొదటి గుణకాన్ని పీ అనీ, రెండోదాన్ని క్యూ అనీ పిలుస్తారు. పాత గృహోపకరణాల అధ్యయనాల్లో సగటున పీ 0.03, క్యూ 0.38 దగ్గర తేలాయి. చూసి కొనేవాళ్ల ప్రభావమే పది రెట్లకు పైగా ఎక్కువన్నమాట. ఫలితం తెలిసిన గీతే: మొదట నెమ్మది, మధ్యలో ఉరుకు, చివర నింపాది.

సూత్రం అందంగా ఉంటుంది, దాన్ని వాడటమే కష్టం. మూడో అంకె ఒకటుంది. చివరికి మొత్తం ఎందరు కొంటారన్నది. తొలి నాలుగైదేళ్ల లెక్కలకు పది శాతం ఇళ్ల దగ్గర ఆగే గీతా, నలభై శాతం దాకా పోయే గీతా దాదాపు ఒకేలా అతుకుతాయి. ఏది నిజమో గీత మలుపు తిరిగాక గానీ తెలియదు, అప్పటికి ఒప్పందాల మీద సంతకాలు అయిపోతాయి. అందుకే ఒకే గీత చూపించే నివేదిక కంటే, మూడు గీతలు చూపించి ఏ పరిస్థితిలో ఏది నిజమవుతుందో చెప్పే నివేదిక మేలు.

అమెరికాలో జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల తయారుచేసిన డీజెన్ లాంటి మోడళ్లు ఈ బాస్ గీతను, ఇంటింటి గిట్టుబాటు లెక్కను కలిపి నడుపుతాయి. మన డిస్కమ్‌లకూ దారి అదే. కాకపోతే వాడకం వివరాలు వాళ్ల బిల్లింగ్ విభాగంలో, కప్పుల వివరాలు మున్సిపాలిటీలో, రుణాల వివరాలు బ్యాంకుల్లో ఉంటాయి.

పక్కింటివాళ్లను చూసి పెట్టుకుంటారన్నది నిజమేనా?

నిజమే. కాలిఫోర్నియాలోనూ కనెక్టికట్‌లోనూ జరిగిన అధ్యయనాల్లో ఒక ఇంటిపై పలకలు కనిపిస్తే దగ్గర్లోని ఇళ్లలో పెట్టుకునే అవకాశం పెరుగుతుందని తేలింది. మన దగ్గర పొరుగింటి పుల్లకూర రుచి ఎప్పుడూ ఎక్కువే కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు. పలకల కంటే బలంగా పనిచేసేది వాట్సాప్‌లో తిరిగే జీరో బిల్లు ఫొటో అని నా నమ్మకం.

ఇది తిరగబడి కూడా పనిచేస్తుంది. సబ్సిడీ పడలేదనో, నెట్ మీటరు (గ్రిడ్‌కు ఇచ్చినదీ తీసుకున్నదీ లెక్కేసే మీటరు) కోసం నెలలు తిరిగామనో, కోతులు పలకలు పగలగొట్టాయనో ఒక వీధిలో మాట పుడితే ఆ వీధి రెండేళ్లు కదలదు. డిస్కమ్ కోణంలో ముఖ్యమైనది ఏమిటంటే, సోలార్ రాష్ట్రమంతా సమానంగా పరుచుకోదు. గుంపులుగా వస్తుంది. రాష్ట్రంలో మూడు శాతం ఇళ్లంటే చిన్నదే, కానీ ఆ మూడు శాతం ఒక కాలనీలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద సగం ఇళ్లు కావచ్చు.

అపార్ట్‌మెంట్లు, అద్దె ఇళ్ల సంగతి?

హైదరాబాద్ అంచనాల్లో తప్పులెక్కువ ఇక్కడే. బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు, కప్పు యజమానిది. ఎవరికీ తొందర ఉండదు. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, మోటార్లు, వరండా లైట్ల ఉమ్మడి మీటరుకు సోలార్ పెట్టడం తేలిక. నివాసితుల సంఘాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ కూడా ఉంది. ఒక్కో ఫ్లాట్ బిల్లు తగ్గాలంటే, ఒకచోట తయారైన కరెంటును పలు మీటర్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ కావాలి. ఢిల్లీ 2019లోనే మార్గదర్శకాలు తెచ్చింది. ఇలాంటి ఒక్క నిబంధన సజావుగా అమలైతే నగర అంచనా పూర్తిగా మారిపోతుంది.

అసలు డిస్కమ్‌కు నష్టమా, లాభమా?

ఏ ఇల్లు పెట్టుకుందన్న దానిమీద ఉంటుంది. ఈ పేజీలో ఒక్కటే చదవాలనుకుంటే ఈ జవాబు చదవండి.

మళ్లీ 500 యూనిట్ల ఇల్లు తీసుకుందాం. ఈసారి 2 కిలోవాట్లే పెట్టారు. 240 యూనిట్లు తగ్గి 260కి వచ్చారు. బిల్లు 3,523 నుంచి 1,323కి పడింది. 240 యూనిట్లకు డిస్కమ్ పోగొట్టుకున్నది 2,200 రూపాయలు, యూనిట్‌కు 9 రూపాయల 17 పైసలు. పైనున్న ఖరీదైన స్లాబులే ముందు కరిగిపోతాయి మరి. ఆ యూనిట్ కొననందుకు డిస్కమ్‌కు మిగిలేది, సగటు కొనుగోలు ధరకు దారిలో పోయే నష్టాలు కలిపినా, అంతకంటే బాగా తక్కువే. అదీ కాగితం మీద. థర్మల్ కేంద్రపు స్థిర చార్జీ ఎలాగూ కట్టాలి కాబట్టి నిజంగా తప్పేది బొగ్గు ఖర్చే. అది ఇంకా తక్కువ.

ఇప్పుడు 100 యూనిట్ల ఇల్లు. యూనిట్‌కు సగటున 3 రూపాయలే వసూలవుతుంది. ఆ కరెంటు తేవడానికే అంతకంటే ఎక్కువవుతుంది, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిబ్బంది ఖర్చు సరేసరి. ఈ ఇల్లు తన కరెంటు తానే చేసుకుంటే డిస్కమ్‌కు గానీ, సబ్సిడీ కడుతున్న ప్రభుత్వ ఖజానాకు గానీ భారం తగ్గుతుంది.

అంటే లక్ష ఇళ్లపై సోలార్ అన్న ఒకే వార్త, ఆ లక్ష ఇళ్లూ జూబ్లీహిల్స్ తరహావైతే డిస్కమ్‌కు గండి, పేద కాలనీలవైతే ఊరట. మార్కెట్‌కు వదిలేస్తే మొదట ముందుకొచ్చేది ఎవరో గిట్టుబాటు లెక్కలోనే చూశాం. పెద్ద బిల్లులవాళ్లే. వాళ్లు అదనంగా కట్టే డబ్బుతోనే పేదల చౌక స్లాబు కొంత నడుస్తోంది.

అయితే చార్జీలు పెంచుతారు, దాంతో ఇంకొందరు సోలార్‌కు వెళ్తారు, మళ్లీ పెంచుతారు... ఈ సుడిగుండం నిజమేనా?

అమెరికా విద్యుత్ సంస్థల సంఘం 2013లోనే ఈ భయాన్ని నివేదికగా రాసింది. అక్కడ చెప్పినంత వేగంగా జరగలేదు. కానీ పాకిస్తాన్‌ను చూడండి. చార్జీలు విపరీతంగా పెరిగాయి, చైనా పలకల ధరలు కుప్పకూలాయి. 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 17 గిగావాట్ల పలకలు దిగుమతి అయ్యాయి. గ్రిడ్ నుంచి కొనేవాళ్లు తగ్గారు, విద్యుత్ కేంద్రాలకు కట్టాల్సిన సామర్థ్య చార్జీలు తగ్గలేదు. ఆ భారం సోలార్ పెట్టుకోలేనివాళ్ల మీద పడింది. మిగులు యూనిట్‌కు అప్పట్లో ఇస్తున్న 27 పాకిస్తానీ రూపాయలను కొత్తవాళ్లకు 10కి తగ్గించాలన్న ప్రతిపాదన 2025 మార్చిలో వచ్చి పెద్ద గొడవైంది.

మన దగ్గర వెంటనే అంత జరగకపోవడానికి కారణాలున్నాయి. మొత్తం వాడకం ఇంకా పెరుగుతూనే ఉంది, ఏసీలు కొత్తగా వస్తున్నాయి, గృహ వాడకంలో ఎక్కువ భాగం చిన్న స్లాబులదే. అయినా స్థిర చార్జీ చూడండి: ఆంధ్రప్రదేశ్ ఇళ్లకు నెలకు కిలోవాట్‌కు 10 రూపాయలు. తీగ ఖర్చంతా యూనిట్ ధరలో కలిపేశాం కాబట్టి యూనిట్లు తగ్గితే తీగ ఖర్చు కూడా రాదు. ఏదో ఒక రోజు స్థిర చార్జీ పెరుగుతుంది. అంచనా వేసేవాళ్లు ఆ అవకాశాన్ని ఇప్పుడే లెక్కలో పెట్టుకోవాలి.

పగలు మిగిలి, సాయంత్రం చాలకపోవడం అంటే?

కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లో గీసిన గ్రాఫు బాతు ఆకారంలో ఉండటంతో 'డక్ కర్వ్' అని పేరు పడింది. మధ్యాహ్నం గ్రిడ్‌పై గిరాకీ పడిపోతుంది, పొద్దు గూకేసరికి ఒక్కసారిగా లేస్తుంది. సౌత్ ఆస్ట్రేలియాలో 2023 డిసెంబరు 31న గ్రిడ్‌పై గిరాకీ సున్నా కంటే కిందికి, మైనస్ 26 మెగావాట్లకు పోయింది. రాష్ట్రానికి కావలసినదంతా కప్పులే ఇచ్చి, ఇంకా మిగిల్చాయి.

మన రాష్ట్రాల్లో ఈ బాతు పొట్ట, అంటే మధ్యాహ్నపు పల్లం, అంత లోతుగా దిగకపోవడానికి కారణం పంపుసెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి 9 గంటల కరెంటు పగలే ఇస్తున్నారు. తెలంగాణ గిరాకీ రికార్డులు యాసంగి వరి చేలకు నీళ్లు పెట్టే మార్చి నెలలో నమోదవుతుంటాయి. 2025 మార్చిలో 17,000 మెగావాట్లు దాటింది. మోటార్లు మధ్యాహ్నపు ఎండ కరెంటును తాగేస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు 900 మెగావాట్ల కేంద్రం, నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గరి 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కూడా, మిగులు కరెంటుతో నీళ్లను పైకి తోడి తర్వాత కిందికి వదిలి, ఇలాంటి మిగులును సాయంత్రానికి దాచే ఏర్పాట్లే.

అయితే నెట్ మీటరింగ్‌లో ఒక అసమానత ఉంది. మధ్యాహ్నం మీరిచ్చిన యూనిట్‌కు బదులు రాత్రి ఒక యూనిట్ తీసుకుంటారు. ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం చౌకగా దొరికే యూనిట్, గిరాకీ ఉన్న సాయంత్రం గరిష్ఠ పరిమితి 10 రూపాయల దాకా వెళ్తుంది. ఆ తేడా డిస్కమ్ భరిస్తోంది. సమయాన్ని బట్టి చార్జీలు అమలైతే ఈ లెక్క మారుతుంది. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం ఎండ వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలి.

మా ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా?

వాడకం కంటే ఉత్పత్తి ఎక్కువైన మధ్యాహ్నం వేళ కరెంటు వెనక్కి ప్రవహించి, లైను చివరి ఇళ్లలో వోల్టేజీ పెరుగుతుంది. పరిమితి దాటితే పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. 'మంచి ఎండలో ఆగిపోతోంది' అనే ఫిర్యాదులు వస్తే ముందు చూడాల్సింది ఇదే. 2024లో మార్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తును ఆమోదించినట్టు లెక్క. వినియోగదారుకు మంచిదే. కానీ ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద గుంపు తయారవుతోందో డిస్కమే ముందుగా కనిపెట్టుకోవాలి.

కరెంటు పోతే నా సోలార్ పనిచేస్తుందా?

బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన మామూలు ఆన్‌గ్రిడ్ వ్యవస్థ అయితే పనిచేయదు. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణానికి రక్షణగా అది తనంతట తాను ఆగిపోతుంది.

డిస్కమ్‌కు తన పరిధిలోని ఇళ్లు ఎంత ఉత్పత్తి చేస్తున్నాయో తెలుసా?

సరిగ్గా తెలియదు. నెట్ మీటరు వచ్చినదీ పోయినదీ చూపుతుంది, ఇంట్లోనే తయారై ఇంట్లోనే ఖర్చయినది దానికి కనబడదు. బయటినుంచి చూస్తే వాడకం తగ్గినట్టే ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఆ దాగిన గిరాకీ అంతా ఒక్కసారి గ్రిడ్‌పై పడుతుంది. వాతావరణ సూచన, ఏర్పాటైన సామర్థ్యం, కొన్ని నమూనా ఇళ్ల ఇన్వర్టర్ రీడింగులు కలిపి దీన్ని అంచనా వేయొచ్చు. ఖరీదైన పనేమీ కాదు.

నిబంధనలు మారితే అంచనా ఏమవుతుంది?

మారకముందే తలకిందులవుతుంది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి గ్రిడ్‌కిచ్చే కరెంటు విలువను కొత్తవాళ్లకు సుమారు 75 శాతం తగ్గించారు. గడువుకు ముందు దరఖాస్తులు వరదలా వచ్చాయి, తర్వాత మార్కెట్ ఒక్కసారిగా పడిపోయింది. ఆ రెండు అంకెల్లో దేన్నీ మామూలు ఏడాదిగా తీసుకోకూడదు. అమెరికాలోనే నెవడా రాష్ట్రం 2015 చివర్లో ఇంకా ముందుకెళ్లి, అప్పటికే పెట్టుకున్నవాళ్లకూ కొత్త రేట్లు వర్తింపజేసింది. పెద్ద సంస్థలు ఆ రాష్ట్రం వదిలి వెళ్లాయి, 2017లో చట్టంతో వెనక్కి రావాల్సి వచ్చింది. నియమాలు మార్చొచ్చు, కానీ పాతవాళ్ల ఒప్పందం ముట్టుకుంటే కొత్తవాళ్ల నమ్మకం కూడా పోతుంది.

బ్యాటరీలు చౌకైతే?

నెట్ మీటరింగ్ ఒకటికి ఒకటిగా ఉన్నంతకాలం గ్రిడ్డే ఉచిత బ్యాటరీ, కాబట్టి ఇంట్లో బ్యాటరీ కొనడానికి డబ్బు కారణం ఉండదు, కరెంటు కోతలే కారణం. మిగులుకిచ్చే విలువ తగ్గించిన రోజున మాత్రం బ్యాటరీలు ఒక్కసారిగా లెక్కలోకి వస్తాయి.

మా మండలానికి నేనే ఓ అంచనా వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. ముందుగా గృహ కనెక్షన్లను స్లాబులవారీగా విడదీయండి. ఉచిత పథకాల ఇళ్లను పక్కన పెట్టి, ప్రభుత్వమే పెట్టించే వాటిని వేరే గడిలో టెండరు గడువులతో రాసుకోండి. నెలకు 225 యూనిట్లు దాటినవాళ్లలో సొంత కప్పు ఎందరికుందో ఒక వీధి తిరిగి చూసి, ఆ నిష్పత్తిని మిగతావాటికి వర్తింపజేయండి. గత రెండేళ్లలో ఎన్ని నెట్ మీటర్లు బిగించారో డిస్కమ్ సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) అడగండి. ఇప్పుడు మూడు గీతలు గీయండి: సబ్సిడీ కొనసాగితే, ఆగిపోతే, స్థిర చార్జీ పెరిగితే. ప్రతి గీత కింద ఎన్ని ఇళ్లు అన్నదానితో పాటు, ఆ ఇళ్లు ఏ స్లాబువో కూడా రాయండి. టారిఫ్‌పై బహిరంగ విచారణలు సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరుగుతాయి. ఎవరైనా అభ్యంతరాలు పంపొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. డిస్కమ్ తన నివేదికలో గృహ సోలార్‌కు ఒక్క వరుసే కేటాయించి ఉంటే, మీ కాగితం పట్టుకెళ్లి ఆ వరుసను స్లాబులవారీగా విడదీసి చూపమని అడగండి.